జవాబు కోసం కాచుక్కూర్చునే మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు క్లాసు మధ్యలో అందింది. ఫోను చేసింది పుంగనూరులో ఆమె ఇంటికి ఎదురుగా ఉండే ఆపా. ఆపా అంటే ఉర్దూలో అక్క, వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. జాకెట్లు కుట్టే మనిషి, ముప్ఫై ఏళ్ళుగా మా అత్తకు తోడు. "పొద్దున పాలు పిండింది, డైరీలో పోసొచ్చింది, చెంబు కడిగి బోర్లించింది, అరుగు మీద కూసుంది. నేను టీ తీసకపోయేలోపల అయిపోయిందమ్మా," అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. మొదట వచ్చింది కోపం. పనంతా ముగించుకుని, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా, తప్పయింది అత్తా అని అనేందుకు నాకు ఒక్క పూట కూడా మిగల్చకుండా వెళ్ళిపోవడం ఆమెకే చెల్లింది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, ఉంది కాబట్టి. కానీ ఆమె శాంతమూర్తి అనో, ప్రేమమయి అనో నా చేత ఎవరూ రాయించలేరు. మదనపల్లె నుంచి కుప్పం దాకా మా బంధువుల్లో ఆమెతో ఒక్కసారైనా విసిగిపోని మనిషి లేడు. అందరికంటే ఎక్కువ విసిగింది నేను, ఎందుకంటే అందరికంటే ఎక్కువ కాలం ఆమె చేతి కింద ఉన్నది నేనే.

కుప్పంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం పిల్లల్ని ఇంటర్వ్యూలకు తయారుచేయడం నా ఉద్యోగం. గుడుపల్లె వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ. తాతలు కూలికి పోయినవాళ్ళు, అమ్మానాన్నల్లో కొందరు ఇప్పుడిప్పుడే బెంగళూరు రైలెక్కి నెల జీతానికి పోతున్నారు. పిల్లలకు మార్కులు దండిగా ఉంటాయి. ప్రోగ్రాం రాయమంటే రాస్తారు. "నీ గురించి చెప్పమ్మా" అంటే మాత్రం చూపు నేల మీదికి పోతుంది. మొన్న ఒకమ్మాయిని టీ తాగుతావా, కాఫీ తాగుతావా అని అడిగితే "మీ ఇష్టం మేడమ్" అంది. నాకు ఒళ్ళు మండింది. నువ్వు తాగేదానికి నా ఇష్టమేమిటి తల్లీ? కానీ ఆ పిల్లను అని ఏం లాభం? పుట్టినప్పటి నుంచి దాన్ని ఎవరూ ఏమీ అడిగి ఉండరు. అడిగినా, జవాబు వచ్చేదాకా ఆగి ఉండరు. మా అత్త ఆగేది. ఆమెతో వచ్చిన చిక్కంతా అదే.

నాకు నాలుగేళ్ళప్పుడు తమ్ముడు నెలలు నిండకుండా పుట్టాడు. నాన్న మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక మండీలో గుమాస్తా, తెల్లారకముందే పోవాలి. అమ్మ ఒక్కతే ఇద్దరినీ చూసుకోలేదని నన్ను పుంగనూరు శివార్లలో, చౌడేపల్లె రోడ్డు మీద ఉన్న అత్త ఇంట్లో "కొన్నాళ్ళు" దించారు. ఆ కొన్నాళ్ళు నాలుగేళ్ళయింది. అప్పటికి నాకు అర్థమైంది ఒకటే: కొత్త బిడ్డ వచ్చాడు, పాతది అక్కర్లేదు. అన్నం ముట్టకుండా వాకిట్లో కూర్చున్నాను. ఇంకెవరైనా అయితే ఒళ్ళోకి తీసుకుంటారు, చేతిలో బొరుగులుండ పెడతారు. మా అత్త నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"యాల ఏడుస్తాండావు?"

"నన్ను వద్దన్నారు."

"వాళ్ళ సంగతి నాకు తెలీదు. నాకైతే ఆకు కోసేదానికి మనిసి కావాల. వస్తావా, రావా?"

నేను పలకలేదు. ఆమె కదల్లేదు. ఎండ నడినెత్తికొచ్చింది. మామ వచ్చి అన్నం పెట్టమంటే "ఉండు, మాట్లాడుకుంటాండాము" అంది. ఏం మాట్లాడుకుంటున్నాం? ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. చివరికి ఆమె పోరు పడలేక "వస్తా" అన్నాను. ఆమె నిజంగానే అడిగిందనీ, రానంటే సరేననేదనీ నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు.

ఆమెది చాకీ పని. తెలియనివాళ్ళకు చెబుతాను. పట్టుపురుగులు గుడ్డు పగిలి బయటికొచ్చినప్పుడు చీమకంటే చిన్నవి. ఆ మొదటి పది రోజులు వాటిని సాకడం అందరివల్లా కాదు. లేత మల్బరీ ఆకు తెచ్చి సన్నగా తరిగి చల్లాలి. తడి తగలకూడదు, పొగ తగలకూడదు, అగరుబత్తి వాసన కూడా పనికిరాదు. మధ్యలో రెండుసార్లు పురుగు మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోయి పొర విడుస్తుంది. దాన్ని జ్వరం అంటారు. రెండో జ్వరం దాటించి రైతుల చేతికి ఇవ్వడంతో చాకీ పని ముగుస్తుంది. చౌడేపల్లె చుట్టుపక్కల రైతులు మా అత్త చాకీ అంటే చూడకుండా తీసుకునేవాళ్ళు.

పురుగుల గదిలోకి ఆమె పెద్దవాళ్ళను కూడా రానిచ్చేది కాదు. మామ బీడీ తాగుతాడని గుమ్మం బయటే నిలబెట్టేది. నన్ను మాత్రం కాళ్ళు కడిగించి, తలకు గుడ్డ కట్టించి లోపలికి తీసుకుపోయింది. ఐదేళ్ళు నిండేసరికి ఏ ఆకు లేతదో, ఏది ముదురుదో వేలితో పట్టి చెప్పడం నేర్పింది. ఆరేళ్ళకు ఉదయం బుట్ట నాదే. అయితే "బాగా చేసినావు" అన్న మాట నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె నోట రాలేదు. బాగుంటే "ఊ" అనేది. బాగాలేకపోతే "మళ్ళా సూడు" అనేది. అంతే. ఒకసారి ఉండబట్టలేక నేనే అడిగాను.

"బాగా కోసినానా అత్తా?"

"నీకెట్లా కనపడింది?"

"ముదురాకు రెండుండాయి."

"తెలిసే అడిగితివే," అని ఆ రెండూ ఏరి పారేసింది. పొగడ్త కోసం పోతే జరిగింది ఇది. బడిలో టీచరమ్మ ప్రతి పిల్లకూ "వెరీ గుడ్" అని పలక మీద రాసిచ్చేది. అది పట్టుకొచ్చి చూపిస్తే, ఎందుకు గుడ్డో చెప్పమని మా అత్త నన్నే అడిగేది. చెప్పలేకపోతే పలక పక్కన పెట్టేసేది.

ఇక ఆమె అడగడాల సంగతి. "ఈ పూట సంగటి కెలకనా, అన్నం వండనా? నువ్వేమంటావు?" ఐదేళ్ళ పిల్లను అడిగే మాటేనా అది? అడిగి, నా మొహంకేసి చూస్తూ కూర్చునేది. నేను ఆలోచించేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. పాలు పోతే పోయాయి గానీ "సరే, నేనే చేస్తాలే" అనేది కాదు. నేను సంగటి అంటే సంగటే. ఇంట్లో చుట్టాలు దిగి వరన్నం కోసం చూస్తున్నా సంగటే. "బిడ్డనడిగినాను, చెప్పింది" అనేది వాళ్ళతో. వాళ్ళు నన్ను చూసే చూపులు నాకు ఇంకా గుర్తున్నాయి.

ఒకసారి కుప్పంలో బంధువుల పెళ్ళికి బయల్దేరాం. నాకు కొత్త చెప్పులు, వాటికి బకిలీ. నేనే పెట్టుకుంటానన్నాను. పెట్టుకుంటూనే ఉన్నాను. పలమనేరు బస్సు వచ్చింది. మామ ఎక్కి మెట్టు మీద నిలబడి "ఎత్తుకోవే దాన్ని!" అని అరిచాడు. "పెట్టుకుంటాంది కదా, ఆగు," అంది మా అత్త. మామ ఆగాడేమో గానీ బస్సు ఆగలేదు. ఆయన బస్సులో, మేమిద్దరం రోడ్డు మీద. ఇంకో బస్సు పట్టుకుని, పలమనేరులో మారి, కుప్పం చేరేసరికి తాళి కట్టడమూ అయింది, వడలూ అయిపోయాయి. మిగిలిన సాంబారన్నం తిని వెనక్కొచ్చాం. మామ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాకు బకిలీ పెట్టుకోవడం వచ్చింది, నిజమే. వడలు దక్కలేదన్న కోపం కూడా ఇప్పటికీ పోలేదు.

నాకు ఏడేళ్ళప్పుడు జరిగింది మాత్రం నవ్వుతూ చెప్పగలిగేది కాదు.

మా ఆకుతోటకూ పక్కవాళ్ళ టమోటా తోటకూ నడుమ ఒక్క గట్టే అడ్డం. వాళ్ళు టమోటాకు మందు కొడితే గాలికి ఇటు మా ఆకు మీద పడుతుంది. ఆ మందు రవ్వంత తగిలినా పురుగు బతకదు. అందుకని వాళ్ళు కొట్టినప్పుడల్లా అత్త చెప్పేది: "గట్టు పక్క నాలుగు సాళ్ళు తాకొద్దు." ఆ రోజూ చెప్పింది. కానీ ఆ రోజు మదనపల్లె నుంచి అమ్మ వస్తోంది. అమ్మ వచ్చేసరికి నిండు బుట్టతో ఎదురుపోవాలని నాకు తొందర. లోపలి సాళ్ళలో లేతాకు వెతుక్కోవాలి. గట్టు పక్కన మాత్రం నిగనిగలాడుతూ చేతికందేంత ఉంది. ఏమవుతుందిలే అనుకున్నాను. కోసేశాను.

మధ్యాహ్నానికి తట్టల్లో పురుగులు తలలు తిప్పడం మొదలుపెట్టాయి. పచ్చటి నీళ్ళు కక్కాయి. సాయంత్రానికి కదలిక లేదు. ఆ చాకీ కోసం చౌడేపల్లె దగ్గరి నుంచి ఒక ముసలి రైతు, తన షెడ్డు కడిగి, సున్నం కొట్టి, పురుగులు గూళ్ళు కట్టే చంద్రికలు ఎండబెట్టుకుని వచ్చాడు. తట్టలు చూసి కూలబడిపోయాడు. "ఏమైందమ్మా? ఆకు ఎవురు తెచ్చినారు?" అన్నాడు.

నేను అప్పటికే అమ్మ కొంగు వెనక ఉన్నాను. ఎంత హాయిగా ఉందో అక్కడ! అమ్మ నా తల మీద చెయ్యి వేసి "చిన్నబిడ్డ, దానికేం తెలుసప్పా, దాన్నేమీ అనొద్దండి," అంటోంది.

"ఈడికి రా," అంది అత్త.

"వదినా, పసిబిడ్డ అది! తెలీక చేసింది."

"దానికి తెలుసు. తెలుసు గనకనే దాని చేతి ఆకు పెడతాండాను. ఈ పొద్దు తప్పు చేసింది. తెలీదని చెప్తే, ఇన్నాళ్ళు చేసిన పని కూడా తెలీక చేసినట్టే కదా?" అమ్మ మీద విరుచుకుపడింది. తరవాత నావైపు తిరిగి "చెప్పు," అంది. చెప్పి, ఊరుకుంది. అదే పాత ఊరుకోవడం. ముసలాయన చూస్తున్నాడు, అమ్మ కన్నీళ్ళు పెట్టుకుంటోంది, ఆమె మాత్రం కదలదు.

"నేనే కోసినాను. గట్టు పక్కన. వద్దన్నా కోసినాను," అన్నాను.

ముసలాయన తలగుడ్డ చుట్టుకున్నాడు. "సరే పాపా. మళ్ళా గుడ్లు పెట్టినాక కబురు చెయ్యండి," అని లేచి వెళ్ళాడు. అత్త అప్పుడు తిట్టింది, బాగానే తిట్టింది, కండ్లు నెత్తిమీదికి పోయినాయా అంది. నేను ఆ రోజు ఆమెను మనసారా అసహ్యించుకున్నాను. అమ్మతో వెళ్ళిపోతానన్నాను. తమ్ముడికి బాగాలేదని అమ్మ తీసుకుపోలేదు.

తట్టలన్నీ బ్లీచింగ్ నీళ్ళతో కడిగి ఎండబెట్టాం. కొత్త గుడ్లు పగిలిన ఉదయం నేను లేవకుండా ముసుగుతన్ని పడుకున్నాను. ఆమె బుట్ట తెచ్చి పక్కలో పెట్టింది.

"ఆకు యాల తేలేదు?"

"నాకు రాదు."

"మొన్నటిదాంకా వచ్చినది ఒక్క తప్పుకి పోతాదా? లెయ్."

ఇంకెవరైనా అయితే బుట్ట నాకు ఇచ్చేవాళ్ళు కాదు. ఇచ్చినా వెనకాలే వచ్చి చూసేవాళ్ళు. ఆమె రాలేదు. ఆ బుట్ట నాకు మళ్ళీ ఇవ్వడానికి ఆమెకు ఎంత గుండె ధైర్యం కావాలో అప్పుడు నాకు తెలియదు. నా మీద నాకు ఈ మాత్రం నమ్మకం ఉందంటే ఆ ఉదయం వల్లే ఉంది. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది, ఆమె ముందు ఒప్పుకోనే లేదు.

ఎనిమిదేళ్ళకు మదనపల్లె తిరిగొచ్చాను. అక్కడ నా తమ్ముడు రాజ్యమేలుతున్నాడు. అన్నం కలిపి పెడితేనే తినేవాడు. మంచినీళ్ళ చెంబు ముట్టుకుంటే "నీకు రాదులే బంగారూ, నేనిస్తా" అని అమ్మ పరిగెత్తేది. ఇప్పుడు వాడు మంచి ఉద్యోగంలోనే ఉన్నాడు. చొక్కా కొనాలంటే కొట్లో నుంచి మూడు ఫొటోలు పంపి "అక్కా, ఏది?" అంటాడు. నాకు విసుగొచ్చి నాలుగోది అని పెడతాను. అమ్మ వాడిని ప్రేమించలేదని ఎవరూ అనలేరు. ఆ ప్రేమంతా వాడి చేతిలోంచి పనులు లాక్కోవడానికే సరిపోయింది.

ఇంత తెలిసినదాన్ని, రోజూ ఆరుగంటలు పిల్లలకు ధైర్యం గురించి పాఠం చెప్పేదాన్ని, నా కూతుర్ని ఎలా పెంచాననుకున్నారు? అచ్చం అమ్మలాగే. బూట్లు తొడిగేది నేను, బ్యాగు సర్దేది నేను. ఎవరైనా "నీ పేరేంటి పాపా?" అంటే చెప్పేదీ నేనే. ఎనిమిదిన్నరకు స్కూలు వ్యాను వస్తుంది, దాని కోసం ఎవరు ఆగుతారు? దానికి ఏడేళ్ళు. ఏం చెయ్యమన్నా మొదటి మాట "నాకు రాదు." జవాబు తెలిసినా చెయ్యి ఎత్తదని స్కూల్లో టీచరు చెప్పింది. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు. నా క్లాసులో నేల చూపులు చూసే పిల్లల వరుసలో నా కూతురు కూడా కూర్చున్నట్టే ఉండేది. ఫోనులో ఏవేవో చదివాను. పిల్లల మనసు చిన్నప్పుడే గట్టిపడిపోతుందని, తరవాత ఏం చేసినా ఇంతేనని. అత్తకు ఫోను చేసి ఏడ్చాను.

"చాకీలో చెడితే పంట రాదంటావు కదా అత్తా. దీని పని కూడా అంతేనేమో."

"మనిసేమన్నా పురుగా?" అని కసిరింది. "పురుగుకి ఉండేది నెల. దానికి దిద్దుకునేదానికి పొద్దుండదు. నేను యాభై ఏండ్లకు పాల డైరీలో సంతకం పెట్టేది నేర్చుకుంటిని. నీకు ముప్పై ఆరు, నీకే ఇంకా బుద్ధి రావాల. బిడ్డకు పొద్దు లేదా? దాన్ని ఈడికి తీసకరా."

తీసుకుపోయాను. పురుగుల పని ఎప్పుడో మానేసి ఆమె అప్పటికి ఒక ఆవుతో కాలక్షేపం చేస్తోంది. మామ పోయి పదేళ్ళు. ఆవు పాలు పిండి చెంబు నా కూతురి ముందు పెట్టి, "డైరీలో పోసొస్తావా, రావా?" అంది. డైరీ అంటే నాలుగిళ్ళ అవతల. పిల్ల చెంబు చూసి "నాకు రాదు, ఒలికిపోతుంది," అంది. అత్త ఊరుకుంది. పిల్ల నావైపు చూసింది. అత్త ఊరుకునే ఉంది. నేను చూడలేక లేచి చెంబు అందుకున్నాను.

"దాన్ని నువ్వే చెడగొడతాండావు," అంది.

మూడు నెలల భయమంతా నా నోట్లోకి వచ్చింది. "నీకేం తెలుసు అత్తా? నీకు పిల్లలుంటే తెలిసేది," అన్నాను.

అన్న మరుక్షణమే నా మాట నాకే వినిపించింది. ఆమె చెంబు నా చేతిలోంచి తీసుకుని, పైట సర్దుకుని, "ఒకటుండె నాకు. నాలుగేండ్లు. ఊరికి పోయి మాటలు నేర్చింది," అని పాలు పోయడానికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత మూడు వారాలు ఆమె ఫోను చేయలేదు, నేనూ చేయలేదు. రేపు చేద్దాం, ఆదివారం చేద్దాం అనుకున్నాను. ఆమె చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. తప్పు నాది, తప్పయిందని చెప్పాల్సింది నేను, కాచుకోవాల్సింది ఆమె. ఆ లెక్కన ఆమె తన పని తాను చేసింది, నేనే చెయ్యలేదు.

పదకొండో రోజు దినం చేశాం. భోజనాలయ్యాక అందరూ వాకిట్లో షామియానా కింద కూర్చున్నారు. మిగిలింది ఆవు సంగతి. ఈ పదకొండు రోజులూ ఎదురింటి ఆపానే వచ్చి పాలు పిండి, మేతకు పచ్చి కసువు వేసి పోతోంది. "సంతకు తోలేద్దాం. ఎవురు సూస్తారు దాన్ని?" అన్నాడు నాన్న. తమ్ముడు నావైపు తిరిగి "అక్కా, నువ్వేది చెప్తే అది," అన్నాడు. ఆపా ఒక పక్కన గిన్నెలు కడుగుతూ తల ఎత్తలేదు.

నా కూతురు నా చీర లాగి చెవిలో చెప్పింది: "అమ్మా, ఆవు ఆపాది. నువ్వు చెప్పు."

"నీకెవరు చెప్పారు?"

"నేనే అవ్వకు చెప్పినాను."

బడి నుంచి వచ్చాక నేను ఇల్లు చేరేదాకా ఒక గంట అది ఇంటి ఓనరమ్మ దగ్గర, నా పాత ఫోను పెట్టుకుని ఉంటుంది. నాతో మాట మానేసిన ఆ మూడు వారాలూ, ఆ గంటలో, మా అత్త దానికి ఫోను చేస్తూ వచ్చిందట. "నాకేమన్నా అయితే ఆవు ఎవురింటికి పోవాల? నువ్వేమంటావు?" అని అడిగిందట. ఏడేళ్ళ పిల్లను! అంత దుఃఖంలోనూ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల నాలుగు రోజులు ఆలోచించిందట. కసువు ఎవరు కోస్తారు, ఎవరు దగ్గరికొస్తే ఆవు తన్నదు అని ఎదురు ప్రశ్నలేసిందట. ఐదో రోజు "ఆపాకి" అందట. అత్త "ఊ" అందట.

ఆ "ఊ" ఏమిటో నాకు తెలుసు.

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు కదా."

ఇప్పుడు నేను ఒక్క మాట చెబితే అయిపోతుంది. నా మాట అందరూ వింటారు. ఆవు ఆపా ఇంటికి పోతుంది, అత్త కోరిక తీరుతుంది, పిల్లకు ఏ ఇబ్బందీ ఉండదు. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోరు మూసుకుని, "నువ్వే చెప్పు," అన్నాను.

"నాకు రాదు."

నేను దాని ఎదురుగా కింద కూర్చున్నాను. ఏమీ అనలేదు. అటు నాన్న సంతకు ఎవరు తోలుకుపోవాలో, ఏ రోజు పోవాలో తేల్చేస్తున్నాడు. పిల్ల వేళ్ళు నలుపుకుంటోంది. నాకు ఒళ్ళంతా తేళ్ళు పాకుతున్నట్టుంది. లేచి చెప్పేద్దామని పదిసార్లు అనిపించింది. అత్తది ఓర్పు అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఓర్పు కాదు, పాడు కాదు. పొంగే పాలను చూస్తూ, పోయే బస్సును చూస్తూ, పళ్ళు కొరుక్కుని కూర్చోవడం. నేను ఆమెతో విసిగినదానికి నూరింతలు ఆమె నాతో విసిగి ఉంటుంది. ఒక్కనాడూ నా చేతిలో పని లాక్కోలేదు. అత్తా, తప్పయింది అని అక్కడే, ఆ పిల్ల మొహం చూస్తూ, లోపల అనుకున్నాను.

పిల్ల షామియానా మధ్యకు పోయింది. "తాతా" అంది. ఎవరికీ వినపడలేదు. వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను కావాలనే తల దించుకున్నాను. "తాతా!" అని ఈసారి అరిచింది.

"ఏం బంగారూ?"

"ఆవును అమ్మొద్దు. అది ఆపాది."

నాన్న నవ్వాడు. "నీకేం తెలుసు నాయనా, పెద్దోళ్ళు మాట్లాడతాండాము కదా."

"నాకు తెలుసు. అవ్వ నన్నడిగింది, నేను చెప్పినాను. ఆపా పోతే తన్నదు. నిన్ను పొద్దున తన్నింది కదా తాతా."

తన్నిన మాట నిజమే, నాన్న మోకాలికి పసుపు పట్టు ఇంకా ఆరలేదు. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. ఆపాను పిలిచి "ఏమ్మా, నీకు తెలుసా ఈ మాట?" అన్నాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఏడ్చేసింది. "తెలుసన్నా. పాప మాట ఇట్లా అని మీ అక్క నాకు చెప్పింది. నా నోటితో నేనెట్లా అడిగేది? ఆమె పోయిందో లేదో ఆవుకొచ్చింది సూడు అనరా నలుగురు?" అంది. అంటే, ఆ పిల్ల నోరు తెరవకపోతే ఆవు సంతకు పోయేది.  నాన్న "సరే తల్లీ, నువ్వే తోలకపో," అన్నాడు.

అవతలి ఇంటికి రోడ్డు దాటాలి. పిల్ల తాడు పట్టుకుని నడిచింది. ఆవు బుద్ధిగా సగం రోడ్డు దాకా వచ్చి, నడిమధ్యలో నిలబడిపోయింది. టమోటా బాక్సులు పైదాకా పేర్చుకుని మదనపల్లె పోయే వ్యాను ఒకటి వచ్చి ఆగింది. దాని వెనక ఒక ఆటో. డ్రైవరు హారన్ కొట్టి, తల బయటికి పెట్టి నన్ను చూసి అరిచాడు: "అమ్మా, ఆ బిడ్డ యాడ లాగుతాది? తాడు నువ్వు పట్టుకో! మండీకి టైమైతాంది నాకు."

నా చేతులు ముందుకు పోయాయి. వాటిని వెనక్కి తీసుకుని ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకున్నాను. పిల్ల నావైపు చూడలేదు. తాడు లాగలేదు. ఖాళీగా ఉన్న చెయ్యి డ్రైవరు కేసి ఎత్తి "రవ్వంత సేపన్నా, అదే వస్తాది," అంది. అతను ఏదో గొణిగి ఇంజను ఆపేశాడు. ఎండలో రోడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఆవు తోక ఆడించింది. తాడు వదులుగా రోడ్డుకు ఆనుతోంది, ఆ పిల్ల దాని మొహంకేసి చూస్తూ నిలబడే ఉంది.